పావురాలకు వెళ్లిన ఆదివారం

వాన పడుతుంటే పావురాలు ఎగరవన్న సంగతి నాకు ముప్పై రెండేళ్లు వచ్చాక, చేవెళ్ల అవతల ఒక మొక్కజొన్న చేను గట్టు మీద తడుస్తూ నిలబడినప్పుడు తెలిసింది. ముందే తెలిసుంటే వెళ్లేవాళ్లం కాదా అంటే, వెళ్లేవాళ్లమే. ఆ నెలల్లో మాకు ఎవరేం చెబితే అదే చేశాం. ఫలానా గోడకు తల కొట్టుకుంటే మాట వస్తుందని ఎవరైనా చెప్పుంటే, ఆ గోడ అడ్రసు అడిగి మరీ వెళ్లేదాన్ని.

మాట పోయింది మా ఆయనకు. ఆయన బతికేది ఆ మాట మీదే.

అమీర్‌పేటలో డేటాబేస్ పాఠాలు చెప్పేవారు. సాఫ్ట్‌వేర్ కోసం జిల్లాలకు జిల్లాలు కదిలొచ్చిన రోజులవి. ఒక్కో మేడకు కింది నుంచి పై దాకా కోర్సుల బోర్డులే. బస్సు దిగిన ప్రతివాడి చేతిలోనూ నాలుగు కరపత్రాలు కుక్కేవారు. మా ఆయనకు పొద్దున్న ఏడింటికి మొదటి బ్యాచ్, సాయంత్రం ఏడింటికి ఆఖరిది. సోమవారం ఫ్రీ డెమో ఉందంటే కుర్రాళ్లు మెట్ల మీద కూడా కూర్చునేవారు. మైకు పెట్టుకుని ఆయన చెబుతుంటే కింద జెరాక్స్ షాపు దాకా వినిపించేది. ఇంటికొచ్చాక మాత్రం ముక్తసరిగా మాట్లాడేవారు. "మాటలన్నీ అక్కడే అమ్ముకొచ్చారా, ఇంటికి రెండు మిగల్చకూడదా?" అని దెప్పేదాన్ని. నాకు నోటిదురుసు. ఆ దెప్పులు గుర్తొస్తే ఇప్పటికీ నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఆషాఢంలో ఒకరోజు రెండో బ్యాచ్ మధ్యలో ఆయన చేతిలోంచి మార్కర్ జారిపడింది. తీసుకుందామని వంగి, అలాగే కూలబడ్డారు. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. పంజాగుట్టలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. పదకొండు రోజులున్నాం. కుడి కాలు కొంచెం కదిలింది, కుడి చెయ్యి కదల్లేదు. మెదడులో మాటలు పుట్టే చోట దెబ్బ తగిలిందని డాక్టరుగారు కాగితం మీద కాలీఫ్లవర్‌లాంటి బొమ్మ గీసి, ఒక మూల పెన్నుతో నల్లగా రుద్ది చూపించారు.

ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "అర్థమైందా."

రోజుకు వందసార్లు క్లాసులో అనే మాట అది. అలవాటైన మాట ఒక్కోసారి అలా మిగిలిపోతుందట. ఆకలేసినా అర్థమైందా, బాత్రూంకు వెళ్లాలన్నా అర్థమైందా, ఫ్యాను ఆపమన్నా అర్థమైందా. గొంతు మాత్రం ఏమీ మారలేదు, ఆ గాంభీర్యం అలాగే ఉంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఆయనా నవ్వేవారు. తర్వాత ఆయన నవ్వడం మానేశారు. నేను ఒక్కొక్కటే అడుగుతూ పోవాలి. నీళ్లా? పడుకుంటారా? దిండు కావాలా? అది కానప్పుడు ఆయన ఎడమ అరచేత్తో మంచం పట్టె మీద కొట్టేవారు. పది అడిగినా దొరక్కపోతే గోడవైపు తిరిగిపోయేవారు.

ఆస్పత్రిలోనే మాటలు నేర్పించే ఒక అమ్మాయి ఉండేది. సన్నగా, గడుసుగా ఉండేది. వారానికి మూడుసార్లు తీసుకురమ్మంది. "మొదటి మూడు నెలలూ చాలా ముఖ్యం. వదలొద్దు. ఇప్పుడు ఎంత వస్తే అంత" అని నా కళ్లలోకి చూసి చెప్పింది. నాకు బాగా గుర్తుంది. వినలేదని చెప్పుకోవడానికి లేదు.

వెళ్లాం. ఆ అమ్మాయి టేబుల్ మీద బొమ్మల అట్టలు పరిచేది. కప్పు, తాళంచెవి, గొడుగు, అరటిపండు. "సార్, గొడుగు చూపించండి" అనేది. రెండొందల మందికి పాఠం చెప్పిన మనిషి ఆ నాలుగు అట్టల మీదా చెయ్యి తిప్పి తిప్పి, తాళంచెవి మీద పెట్టేవారు. తప్పని ఆయనకే తెలిసేది. నుదుటి మీద చెమట పట్టేది. ఆ అమ్మాయి మొహంలో విసుగూ ఉండేది కాదు, జాలీ ఉండేది కాదు. "పర్లేదు సార్, మళ్లీ" అనేది. నేను పక్క కుర్చీలో కూర్చుని పళ్లు బిగబట్టుకునేదాన్ని. నాకు ఆ అమ్మాయి మీద కోపం, అట్టల మీద కోపం, గొడుగు మీద కూడా కోపం. బయటికొచ్చి ఆటో ఎక్కాక ఆయన నా వైపు చూసేవారు కాదు.

అలా రెండు వారాలయ్యేసరికి కాకినాడ నుంచి మా అత్తగారు వచ్చారు. వచ్చీ రాగానే కొడుకు పక్కన కూర్చుని ఒక్కసారి గట్టిగా ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "ఏంటమ్మాయ్, పావురం రక్తం పట్టించారా?" అని అడిగారు.

పక్షవాతానికి పావురం మందన్న మాట నేనూ చిన్నప్పటి నుంచి విన్నదే. మా వైపూ అంటారు, ఇక్కడా అంటారు. పాలబ్బాయి దగ్గర్నుంచి ఇస్త్రీ చేసే ఆయన దాకా ఆ నెలలో నాకు చెప్పనివాళ్లు లేరు. అత్తయ్య వాకబు చేసి యూసుఫ్‌గూడలో ఒక నాటు వైద్యుణ్ణి పట్టుకున్నారు. అతను మా ఇంటికొచ్చి, మా ఆయన దవడ నొక్కి చూసి, షరతులు చెప్పాడు. పొలాల్లో గింజలు ఏరుకుతినే అడవి పావురమే కావాలి, ఇళ్ల మీద తిరిగేది పనికిరాదు. వలలో పడ్డదీ పనికిరాదు, భయానికే దాని రక్తం చల్లబడిపోతుంది. కొట్టిన పావురాన్ని ప్రాణం ఉండగానే కోసి, ఆ వేడి మీదే కుడి చేతికి, కాలికి, దవడకు పట్టించాలి. ఒక చుక్క నాలుక మీద వెయ్యాలి. అంటే పావురాన్ని మనిషి దగ్గరికి తెస్తే కుదరదు, మనిషినే పావురం దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులు పథ్యం. తలస్నానం లేదు, గాలి తగలకూడదు, నాలుకకు పని చెప్పకూడదు.

"అంటే?" అన్నాను.

"మాటలు పలికించే కసరత్తులు అవీ ఆపెయ్యాలమ్మా. నరం పచ్చిగా ఉన్నప్పుడు లాగితే తెగుతుంది" అన్నాడు.

ఇక్కడ నేను అత్తయ్య మీదకో, ఆ వైద్యుడి మీదకో తోసెయ్యొచ్చు. చాలా ఏళ్లు అలాగే తోశాను. నిజం ఏమిటంటే, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఒక్క రోజులు ఆ గది ముఖం చూడక్కర్లేదు, ఆ గొడుగు బొమ్మ చూడక్కర్లేదు. మర్నాడే ఆస్పత్రికి ఫోన్ చేసి, ఊరెళ్తున్నాం, వచ్చాక కలుస్తామని చెప్పాను. ఆ అమ్మాయి "మేడం, ఆపకండి" అంది. "వస్తామన్నాం కదా" అని పెట్టేశాను.

ఇక పావురాన్ని ఎవరు కొట్టాలి? మా బాల్కనీలోనే ఇరవై పావురాలు కాపురం పెట్టి, బట్టలు ఆరేసుకోనివ్వకుండా మమ్మల్ని కాల్చుకు తినేవి. మాకేమో ముప్పై మైళ్ల అవతల ఉన్నవి కావాలి. కింద వాటాలో మా ఇంటి ఓనరు ఉండేవారు. మాసబ్ ట్యాంక్‌లో సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన. అందరూ చాచా అంటారు. నాకు గారు తగిలించనిదే నోరు రాదు, అందుకని చాచాగారు అనేదాన్ని. ఆయనకు అది భలే సరదా. ఆయన ముందుగదిలో గోడకు నూనెగుడ్డ చుట్టిన ఎయిర్ గన్ ఒకటి వేలాడుతుండేది. సంగతి చెప్పగానే లేచి దాన్ని కిందికి దించారు.

"ఫికర్ చెయ్యకు బేటీ. జవానీల నేను కొట్టిన కబూతర్లకు లెక్క లేదు. చేవెళ్ల దగ్గర మా బామ్మర్ది చేను ఉంది. మక్కలు ఏసిండ్రు. గుంపులు గుంపులు దిగుతయ్. నా నిషానా తప్పదు. మాస్టర్ సాబ్ మళ్ల పాఠం చెప్తడు, చూడు."

మళ్లీ పాఠం చెబుతారు అన్న మాట అప్పటిదాకా ఏ డాక్టరూ అనలేదు. నేను ఆయన కాళ్లకు దండం పెట్టినంత పని చేశాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మెహదీపట్నం దాటేసరికి తుంపర, మొయినాబాద్ దగ్గర జోరు వాన. చాచాగారి పాత తెల్ల కారు వైపర్ ఒకసారి తిరిగి, ఆలోచించుకుని, మళ్లీ తిరిగేది. మందు పట్టించాల్సింది కుడి పక్కకు కాబట్టి మా ఆయన్ను డ్రైవరు వెనక సీట్లో, కుడి చెయ్యి తలుపువైపు వచ్చేలా కూర్చోబెట్టాం. ఆయన పక్కన అత్తయ్య. ఆవిడ ఒళ్లో నువ్వులనూనె సీసా, స్టీలు గిన్నె, తువ్వాళ్లు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కంబళి. రక్తం పట్టించాక కప్పడానికి ఆ కంబళి. అది తడవకూడదని ఆవిడ కవరు మూతి తాడుతో కట్టి మరీ తెచ్చారు.

చేను దగ్గర కౌలుకు చేసే రైతు గోనెసంచి నెత్తిన కప్పుకుని ఎదురొచ్చాడు. మేం వచ్చింది తన కోసమే అన్నంత సంబరపడ్డాడు.

"రెండుసార్లు ఏసినమ్మా ఇత్తనం. ఏసినయ్ ఏసినట్టె ఏరుకతింటున్నయ్. కొట్టుండ్రి, మంచిగ కొట్టుండ్రి. నాకు సుత జర ఆసరా అయితది."

"యాడున్నయ్?" అన్నారు చాచాగారు.

రైతు ఆకాశం వైపు చూశాడు. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు. "వానకు దిగుతలేవు. నిన్న మస్తు ఉండె" అన్నాడు.

కారు గట్టు పక్కన ఆపాం. పావురం పడగానే ఆలస్యం కాకూడదు కదా, అందుకని మా ఆయన చొక్కా, బనీను విప్పేశాం. అత్తయ్య కుడిభుజం నుంచి మణికట్టు దాకా నూనె రాశారు. పక్షిని కిటికీలోంచే అందించేలా నేను ఆయన వైపు అద్దం పూర్తిగా దించాను. చాచాగారు తుపాకీ మడిచి, ఛర్రా గుండు పెట్టి, చేలోకి నడిచారు. నేను గొడుగు వేసుకుని ఆయన వెనకాల.

మోటారు గది పక్కన కరెంటు తీగ మీద అయిదారు పావురాలు ముడుచుకుని కూర్చున్నాయి. రెక్కలు ఉబ్బించుకుని, మెడలు లోపలికి లాక్కుని. చాచాగారు గురిపెట్టారు, కొట్టారు, తగల్లేదు. పావురాలు లేవనైనా లేవలేదు. మళ్లీ మడవడం, మళ్లీ ఛర్రా, మళ్లీ ఠప్పు. ఒకటి బద్ధకంగా లేచి రెండు గజాలు పక్కకు జరిగింది. ఆయన కళ్లద్దాల మీద నీళ్లు. తీసి లాల్చీకి తుడుస్తారు, లాల్చీ అంతకంటే తడి. రైతు వెనక నుంచి సలహాలు. "జర కిందికి, ఆఁ, జర ఎడమకు." పది కొట్టారో, పన్నెండు కొట్టారో.

మధ్యలో నేను రెండుసార్లు కారు దగ్గరికి పరిగెత్తాను. వాన ఏటవాలుగా కొడుతోంది. అత్తయ్య కళ్లు మూసుకుని ఏదో స్తోత్రం చదువుతున్నారు. మధ్యమధ్య కొడుకు భుజం తువ్వాలుతో ఒత్తి, ఆ చోట మళ్లీ నూనె రాస్తున్నారు. మా ఆయన నన్ను చూడగానే "అర్థమైందా" అన్నారు. "వచ్చేస్తుందండీ, ఒక్క అయిదు నిమిషాలు" అన్నాను. "అర్థమైందా, అర్థమైందా" అంటూ ఎడమచేత్తో సీటు మీద కొట్టారు. ఆయనకు ఈ పని ఇష్టం లేదనుకున్నాను. చదువుకున్న మనిషి, ఇలాంటివి నమ్మరు. "మీ మంచికే కదండీ" అన్నాను కాస్త చిరాగ్గానే. రెండోసారి వెళ్లేసరికి ఆయన పెదాలు వణుకుతున్నాయి. కొత్తమాట ఏదో రాబోతోందని నాకు ఆశ పుట్టింది. కిటికీలో తల పెట్టి, "చెప్పండి, చెప్పండి" అన్నాను. "అర్థమైందా" అన్నారు. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"కాస్త ఓర్చుకో నాన్నా" అన్నారు అత్తయ్య.

నేను తిరిగొచ్చేసరికి చాచాగారు మోటారు గది మెట్టు మీద కూర్చునివున్నారు. తుపాకీ మోకాళ్ల మీద అడ్డంగా ఉంది. రైతు కొంచెం దూరంగా నిలబడి బీడీ ముట్టించుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

"బేటీ, ఒక మాట చెప్తా, ఇంట్ల ఎవలకు చెప్పకు" అన్నారు చాచాగారు. "నాకు కుడి కన్ను కనిపిస్తలేదు. ఏడాది అయితుంది. మాస్టర్ సాబ్ కోసం కొడదాం అనుకున్న. అల్లా ఒక్కటన్నా ఇస్తడు అనుకున్న."

ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, జాలిపడాలో నాకు తెలియలేదు. ఒంటి కన్నుతో వానలో కారు నడిపి మమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చారు. ఆయన మోకాళ్ల మీంచి తుపాకీ తీసుకున్నాను. మా ఊరి తీర్థంలో బెలూన్లు కొట్టడంలో నేను దిట్టని. తుపాకీతో అంతకుమించి పరిచయం లేదు. మోటారు గది చూరు కింద, తీగమీద చోటు చాలకో ఏమో, ఒక పావురం ఒంటరిగా ఇటుక మీద కూర్చునివుంది. పది అడుగులు ఉంటుందేమో. అంత దగ్గర్నుంచి దాని కన్ను కూడా కనిపించింది. ఎర్రగా ఉంది. నాకు ఆ క్షణంలో దాని మీద కూడా కోపమే వచ్చింది. కొట్టాను.

చావలేదు. ఒక రెక్క విరిగి బురదలో పడి, రెండో రెక్కతో టపటప కొట్టుకుంటూ ఒకే వైపుకు గుండ్రంగా తిరిగింది. "షాబాష్ బేటీ! పట్టు, జల్ది, జల్ది" అని చాచాగారు లేచారు. రెండు చేతులతో పట్టుకుని కారువైపు పరిగెత్తాను. చేతుల్లో దాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. గట్టు మీద జారి మోకాలు కొట్టుకుపోయినా పావురాన్ని వదల్లేదు.

కిటికీలోంచి లోపలికి అందించాను, అత్తయ్య చేతికిద్దామని. మధ్యలోనే మా ఆయన ఎడమచేత్తో లాక్కున్నారు.

లాక్కుని గుండెలకు అదుముకున్నారు. బోసి ఛాతీకి, మెడ కిందికి, గట్టిగా అదిమి, గడ్డం దాని మీద ఆనించి ముడుచుకుపోయారు. పావురం కూడా ఎందుకో కొట్టుకోవడం ఆపేసింది. "ఇవ్వు నాన్నా, వేడి పోతుంది" అని అత్తయ్య వేళ్లు విప్పబోయారు. ఆయన మరింత ముడుచుకున్నారు. అవతలి తలుపు తీసి చాచాగారు కత్తి పట్టుకుని నిలబడ్డారు. "మాస్టర్ సాబ్, జర ఇయ్యుండ్రి." రైతు కూడా వచ్చి తొంగిచూశాడు. ఒక చెయ్యీ ఒక కాలూ పడిపోయిన మనిషి నుంచి ఒక పిట్టను లాక్కోవడానికి నలుగురం కావలసివచ్చింది. నేను మణికట్టు పట్టుకున్నాను. అత్తయ్య ఒక్కొక్క వేలూ విప్పారు. ఆయన నా వైపు చూశారు. అరవలేదు. ఆ ఒక్కమాట కూడా అనలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, లేక వాన నీళ్లేమో.

చాచాగారు బిస్మిల్లా అని కోశారు. చేతికి, కాలికి, దవడకు పట్టించాం. నాలుక మీద వెయ్యబోతే ఆయన పళ్లు బిగించేశారు, పెదాల మీదే పూశాం. అప్పుడు అత్తయ్య తాడు విప్పి కంబళి తీశారు. అది పొడిగా, చక్కగా ఉంది.

మర్నాడు ఆయనకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. వైద్యుడు వచ్చి చూసి, పావురం వేడి పనిచేస్తోందన్నాడు. మేం సంతోషించాం. జ్వరానికి సంతోషించినవాళ్లం మేమే అయ్యుంటాం.

ఇరవై ఒక్క రోజులు కిటికీలు మూసిన గదిలో, ఎవరూ మాట్లాడించకుండా ఉంచాం. ఆ 'అర్థమైందా' కూడా పాపం ఆయన అనడం మానేశారు. తర్వాత పథ్యం నలభై రోజులకు పొడిగించమన్నాడు వైద్యుడు. పొడిగించాం. అమీర్‌పేట సందు చివర ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో అప్పటికి మార్చేశారు. ఇంకెవరో కుర్రాడు టై కట్టుకుని నవ్వుతున్నాడు. కూరగాయలకు వెళ్తూ చూసి, ఆ పూట కూరగాయలు కొనకుండానే తిరిగొచ్చాను.

నలభై రోజుల తర్వాత ఆయన్ను మళ్లీ పంజాగుట్ట తీసుకెళ్లాను. ఆ అమ్మాయి ఫైలు తిరగేసి, తారీఖులు చూసి, "ఇన్నాళ్లూ ఏం చేశారు మేడం?" అని అడిగింది. ఊరెళ్లామని చెప్పాను. అట్టలు పరిచింది. కప్పు, తాళంచెవి, గొడుగు, అరటిపండు. ఆయన వాటివైపు చూడలేదు. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. "మొదట్లో ఎంత ప్రయత్నించేవారో మేడం. ఇప్పుడు ఆయనే వదిలేశారు. ముందు అది తిరిగి తెచ్చుకోవాలి" అందా అమ్మాయి. నేను ఆ పిల్ల మీద గొంతు చించుకుని అరిచాను. పక్కగదిలోంచి వచ్చి చూశారు. ఏమని అరిచానో గుర్తులేదు. ఆ అమ్మాయి గ్లాసుతో మంచినీళ్లిచ్చి, "రేపు పదింటికి తీసుకురండి" అంది.

తీసుకెళ్లాను. అప్పటి నుంచి మానలేదు. నేను అమీర్‌పేటలోనే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు చెప్పే మాటలు చెవుల్లో పెట్టుకుని వినడం, టైపు చెయ్యడం. ముక్కూ మొహం తెలియనివాళ్ల మాటలు పొద్దుటి నుంచీ విని, ఒక్క మాటా రాని మనిషి దగ్గరికి సాయంత్రం వచ్చేదాన్ని. ఏడాదికి ఆయనకు నా పేరు వచ్చింది. ఆ తర్వాత నీళ్లు, టీ, వద్దు, రా. రెండో ఏడు చివరికి పాతిక, ముప్పై మాటలు. ఒక్కొక్కటీ విడిగానే వచ్చేవి. రెండు కలిపేవారు కాదు.

ఈ లోపల పావురం కథ నాకు కంఠతా వచ్చేసింది. చూడ్డానికి ఎవరొచ్చినా చెప్పేదాన్ని. వానలో ఎలా వెళ్లాం, చాచాగారు ఎలా తప్పారు, నేను ఎలా కొట్టాను. చివర్లో ఆయన పావురాన్ని గుండెలకు హత్తుకున్న చోటికి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే మెత్తబడేది. "ఒక రెక్క విరిగిందని చూశారు కదా, తనలాంటిదే అనుకున్నారు పాపం. ప్రాణం పోయినా వదల్లేదు" అనేదాన్ని. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. మా ఆయన మనసు అంత గొప్పదని చెప్పుకోవడం నాకు బాగుండేది. ఆ రోజు మొత్తంలో చెప్పుకోదగ్గది అదొక్కటే మరి.

మూడో ఏడు వానాకాలంలో నాతో పనిచేసే ఒకావిడ భర్తతో కలిసి మా ఇంటికి వచ్చింది. టీలిచ్చి, మామూలుగానే కథ మొదలుపెట్టాను. మా ఆయన కుర్చీలో కూర్చుని వింటున్నారు. పావురం, రెక్క, పాపం దాకా వచ్చాను.

"కాదు" అన్నారు ఆయన.

అందరం అటు తిరిగాం. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఎడమచెయ్యి మోకాలి మీద ముందుకూ వెనక్కీ కదులుతోంది. మాట కోసం వెతుకుతున్నారు. ఆ అమ్మాయి నేర్పింది, తొందరపెట్టకూడదని, మధ్యలో అందించకూడదని. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

"చలి" అన్నారు. చాలాసేపు ఆగారు. "చలి... వేసింది. అది..." మళ్లీ ఆగారు. "అది... వెచ్చగా... ఉంది."

అన్నేళ్లలో ఆయన కూర్చిన మొదటి వాక్యం అది. వచ్చినావిడ చప్పట్లు కొట్టింది, ఎంత బాగా మాట్లాడారండీ అని. ఆయన నా వైపు చూసి, ఎడమచేత్తో గాలిలో చిన్నగా గుండ్రంగా తిప్పారు, కారు అద్దం పైకెత్తడానికి తిప్పినట్టు. ఆ రోజు దాన్ని దించింది నేనే. గంటన్నరసేపు దాని పక్కకు వచ్చి వచ్చి వెళ్లిందీ నేనే.